అంకె పక్కన స్టార్ గుర్తు

కొత్త ఫోన్ ప్రకటనలో ఒక అంకె పెద్దగా కనిపిస్తుంది. దాని నెత్తిన చిన్న స్టార్ గుర్తు ఉంటుంది. ఆ గుర్తుకి జవాబు పేజీ అడుగున, బూడిదరంగులో, వేళ్లతో సాగదీసుకుంటే తప్ప కనిపించనంత చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫోన్ అసలు సంగతి తెలిసేది అక్కడే. ఆపరేటింగ్ సిస్టమ్‌ల దగ్గరికి, బ్రౌజర్లో నడిచే సాఫ్ట్‌వేర్ల దగ్గరికి వస్తే ఆ స్టార్ గుర్తు కూడా ఉండదు. షరతు మాత్రం ఉంటుంది. రోజువారీ వాడకంలో దెబ్బకొట్టేవి, ముందే తెలిస్తే తప్పించుకోగలిగేవి ఏరి ఇక్కడ రాస్తున్నాను.

పెట్టె మీది అంకెలు

128 జీబీ అన్నప్పుడు తయారీదారు లెక్కలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు. 1024 చొప్పున లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ చేతిలో పడితే అదే 128 కాస్తా 119 అవుతుంది. ఇందులో మోసమేమీ లేదు, కొలమానాలు రెండున్నాయి, అంతే. అసలు చూడాల్సింది స్టోరేజీ చిప్ రకం, అంటే యూఎఫ్‌ఎస్ అనే ప్రమాణంలో అది ఏ వెర్షన్ అన్నది. యూఎఫ్‌ఎస్ 2.2 అయితే వరసగా చదివే వేగం సెకనుకి సుమారు 1000 ఎంబీ, 3.1లో 2100 దాకా, 4.0లో 4200 దాకా ఉంటుంది. ఒకే పేరుతో అమ్మే ఫోన్లో కూడా సైజును బట్టి చిప్ మారిపోవచ్చు. గెలాక్సీ ఎస్23నే తీసుకుంటే 128 జీబీ మోడల్‌కి 3.1, 256 జీబీకి 4.0 ఇచ్చారు. రివ్యూ చేసినవాళ్ల చేతికి వచ్చింది పెద్ద సైజు, మనం కొన్నది చిన్నదీ అయితే, వాళ్లు చెప్పిన వేగం మన ఫోన్‌ది కాదు.

ఇంకో తిరకాసు రాసే వేగంతో ఉంది. ఫ్లాష్ చిప్‌లో కొంత భాగాన్ని ఒక్కో సెల్‌కి ఒక్కో బిట్ చొప్పున వాడి వేగంగా రాస్తారు, తీరిక దొరికినప్పుడు ఆ డేటాను మూడేసి బిట్ల సెల్‌లలోకి సర్దుతారు. స్పీడ్ టెస్ట్ యాప్ రాసేది ఒకట్రెండు జీబీలే కాబట్టి దానికి ఈ వేగమైన భాగమే కనిపిస్తుంది. 30 జీబీ వీడియోలు ఒకేసారి కాపీ చేస్తే మొదట్లో పరుగెత్తి, మధ్యలో ఎక్కడో చతికిలపడుతుంది. స్టోరేజీ నిండేకొద్దీ ఆ వేగమైన భాగం కూడా కుంచించుకుపోతుంది. అందుకే 95 శాతం నిండిన ఫోన్ కెమెరా తెరవడానికి కూడా ఆలోచిస్తుంది. పది, పదిహేను శాతం ఖాళీ ఉంచితే చాలావరకు ఈ బాధ తప్పుతుంది. ఇలా నిండిపోయిన ఫోన్లకి "స్పీడ్ బూస్టర్" యాప్‌లు వేయడం శుద్ధ దండగ. అవి మూసేసిన యాప్‌లను సిస్టమ్ మళ్లీ మొదటినుంచి తెరవాల్సి వస్తుంది.

ర్యామ్ దగ్గర "8 + 8" అని రాస్తున్నారు. రెండో 8 ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి తీసిపెట్టిన స్వాప్ స్థలం, అంటే ర్యామ్ నిండితే మెమరీని దింపుకునే చోటు. ఆండ్రాయిడ్ ఎలాగూ వాడని యాప్‌ల మెమరీని ర్యామ్‌లోనే కుదించి పెట్టుకుంటుంది. ఈ రెండో 8 దానికి తోడుగా నెమ్మదైన మెట్టు ఒకటి చేరుస్తుంది. స్టోరేజీ యూఎఫ్‌ఎస్ 2.2 అయి ఉండి, అదీ సగంపైన నిండి ఉంటే, సెట్టింగుల్లో దాన్ని ఆపేసి రెండు రోజులు చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అసలు ర్యామ్ విలువ ఇప్పుడు ఇంకో చోట పెరిగింది. ఫోన్లోనే నడిచే ఏఐ మోడల్ తన వంతు ర్యామ్‌ను ఆక్రమించి కూర్చుంటుంది. 2023లో ఒకేసారి వచ్చిన ఐఫోన్ 15, 15 ప్రోలలో రెండోదానికే ఆపిల్ ఇంటెలిజెన్స్ వచ్చింది. ఈ విషయంలో వాటి మధ్య కనిపించే ముఖ్యమైన తేడా 6 జీబీకీ 8 జీబీకీ ఉన్నది.

తెర వెలుతురు "ఇన్ని వేల నిట్స్" అని రాసేది, తెరలో చిన్న ముక్క మాత్రమే తెల్లగా వెలిగినప్పుడు కొలిచింది. ఎండలో మ్యాప్ చూసేటప్పుడు తెరంతా వెలగాలి, అప్పటి అంకె వేరు, దాన్ని వెతకండి. 200 మెగాపిక్సెళ్ల సెన్సర్ మామూలుగా పదహారు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. అది లోపం కాదు, చీకట్లో అదే మంచిది. సెన్సర్ సైజులో "1 అంగుళం" అన్నది అసలు అంగుళం కాదు. పాత వీడియో గొట్టాల కాలం నాటి కొలత అది, మూల నుంచి మూలకి సుమారు 16 మిల్లీమీటర్లే. దుమ్ము, నీళ్ల రక్షణ రేటింగుల్లో ఐపీ69 అంటే ఐపీ68 కన్నా ఒక మెట్టు పైన అనుకుంటారు గానీ రెండూ వేరు వేరు పరీక్షలు. 68 నీళ్లలో మునగడానికి, 69 వేడి నీళ్ల జెట్‌కి. రెండూ రాసి ఉంటేనే రెండూ ఉన్నట్టు. ఇవి రెండూ మంచినీళ్లతో చేసే పరీక్షలే, సముద్రపు నీళ్లకి ఏ హామీ లేదు.

ఓలెడ్ తెర చూస్తే తలనొప్పి వస్తోందన్నవాళ్లు ఒక పని చేయొచ్చు. ఫోన్ వెలుతురును పావు వంతుకి తగ్గించి, ఇంకో ఫోన్ కెమెరాలో షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతు కన్నా వేగంగా పెట్టి ఆ తెరను చూడండి. నల్లటి పట్టీలు మందంగా కనిపిస్తే, వెలుతురు తగ్గించడానికి తెరను ఆర్పి వెలిగిస్తున్నారన్నమాట. కొన్ని ఫోన్లలో దీన్ని తగ్గించే స్విచ్ యాక్సెసిబిలిటీలోనో డిస్‌ప్లే సెట్టింగుల్లోనో ఉంటుంది. లేకపోతే వెలుతురు పెంచి ఉంచి, పైన "ఎక్స్‌ట్రా డిమ్" లాంటి పొర వేసుకోవడమే దారి.

బ్యాటరీని ఎంఏహెచ్‌లో పోల్చడం కన్నా వాట్-అవర్లలో పోల్చడం మంచిది. 5000 ఎంఏహెచ్‌ని 3.87 వోల్టులతో గుణిస్తే 19.35 వాట్-అవర్లు. ఒక్క సెల్ 20 వాట్-అవర్లు దాటితే విమాన రవాణా నిబంధనలు కఠినమవుతాయి. ఒకే సెల్ ఉన్న ఫోన్లు చాలాకాలం 5000 దగ్గరే ఎందుకు ఆగాయో, పెద్ద బ్యాటరీని రెండు సెల్‌లుగా ఎందుకు విడగొడతారో ఈ లెక్కను బట్టి కొంత అర్థమవుతుంది. ఇప్పుడు వస్తున్న సిలికాన్-కార్బన్ బ్యాటరీల సంగతి: గ్రాఫైట్ గ్రాముకి 372 ఎంఏహెచ్ పట్టగలిగితే సిలికాన్ సిద్ధాంతరీత్యా 3500 పైన పట్టగలదు. కాకపోతే లిథియం ఎక్కినప్పుడు సిలికాన్ మూడు రెట్లకు పైగా ఉబ్బుతుంది, మళ్లీ దిగుతుంది. అందుకే పూర్తి సిలికాన్ వాడకుండా కార్బన్‌లో కొద్దిగా కలుపుతారు. ఎంత కలిపారన్నది, ఎన్ని ఛార్జింగ్‌ల తర్వాత ఎంత మిగులుతుందన్నది అడగాల్సిన ప్రశ్నలు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే ఫోన్లకి కనీసం 800 సైకిళ్ల (పూర్తి ఛార్జింగ్‌ల) తర్వాత 80 శాతం సామర్థ్యం మిగలాలన్న నిబంధన ఉంది. అక్కడ అమ్మే మోడల్ అయితే దాని ఎనర్జీ లేబుల్ మీద ఆ సైకిళ్ల అంకె రాసి ఉంటుంది. ఎక్కడ కొన్నా ఆ లేబుల్ వెతికి చూసుకోవచ్చు.

ఛార్జింగ్ వాట్లకి షరతులు మూడు: ఛార్జర్, కేబుల్, వేడి. 80, 100 వాట్లని రాసుకునే సొంత పద్ధతుల ఫోన్లకి మామూలు యూఎస్‌బీ పవర్ డెలివరీ ఛార్జర్ పెడితే వేగం దభీమని పడిపోతుంది, కొన్ని 20 వాట్ల లోపుకి కూడా దిగుతాయి. ఇంకొన్ని ఫోన్లు పీపీఎస్ అనే పద్ధతి అడుగుతాయి, అంటే ఛార్జర్ వోల్టేజీని 20 మిల్లీవోల్టుల మెట్లతో ఫోన్ చెప్పినట్టు మార్చాలి. ఛార్జర్ మీద 65 వాట్లని ఉన్నా, చిన్న అక్షరాల్లో పీపీఎస్ వరస లేకపోతే ఆ ఫోన్ నెమ్మదిగానే ఎక్కుతుంది. కేబుల్ సంగతీ అంతే. తన సామర్థ్యం ఎంతో చెప్పే ఈ-మార్కర్ చిప్ లోపల లేని టైప్-సి కేబుల్ మూడు ఆంపియర్లకి మించి ఒప్పుకోదు. 45 వాట్ల ఫోన్ ఐదు ఆంపియర్లు అడిగేదైతే మంచి ఛార్జరున్నా కేబుల్ దగ్గర ఆగిపోతుంది. ఇక వేడి. మొదటి సగం వేగంగా ఎక్కి, 80 దాటాక నత్తనడక నడవడం చూసి ఛార్జర్ పాడైందనుకోకండి. లిథియం సెల్ వోల్టేజీ గరిష్ఠానికి చేరాక కరెంట్‌ను క్రమంగా తగ్గించాల్సిందే. "30 నిమిషాల్లో ఇంత శాతం" అన్న మాట తెర ఆపి, చల్లటి గదిలో, సొంత ఛార్జర్‌తో పెట్టినప్పటిది.

80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఇప్పుడు చాలా ఫోన్లలో వచ్చింది. ఐఫోన్లలో అది 15 మోడళ్లతో మొదలై, ఐఓఎస్ 18లో 80 నుంచి 100 దాకా ఐదేసి శాతం మెట్లుగా మారింది. ఫోన్ నాలుగేళ్లు వాడాలనుకునేవాళ్లకి ఇది పెట్టుకోదగ్గది. ఏటా మార్చేవాళ్లకి అనవసరం, రోజూ ఐదోవంతు బ్యాటరీ ఊరికే వదులుకున్నట్టు. ఇది పెట్టినా ఫోన్ అప్పుడప్పుడూ వందకి ఎక్కుతుంది. శాతాన్ని సరిగ్గా లెక్కగట్టుకోవడానికి అది కావాలనే చేసే పని.

పాత ఫోన్ చేతిలో ఉండగానే

కొత్త ఫోన్ విషయంలో ఎక్కువ నష్టం జరిగేది మొదటి గంటలోనే, పాతదాన్ని తొందరపడి తుడిచేయడం వల్ల. వారం రోజులు రెండూ దగ్గరుంచుకోండి.

ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి మారుతుంటే కేబుల్‌తో మార్చడమే మేలు. క్లౌడ్ బ్యాకప్‌లో ఒక్కో యాప్ డేటాకి 25 ఎంబీ పరిమితి ఉంది. నోట్స్ యాప్‌లో పదేళ్ల రాతలు పెట్టుకున్నవాళ్లకి ఆ అంకె చాలు, బ్యాకప్ అయిందన్న గుర్తు చూసి ధీమాగా ఎందుకు ఉండకూడదో చెప్పడానికి. పైగా బ్యాకప్ వద్దని యాప్ తయారుచేసినవాళ్లే చెప్పుకోవచ్చు. బ్యాంకు యాప్‌లు, ఓటీపీ కోడ్‌లు ఇచ్చే యాప్‌లు చాలావరకు ఆ కోవలోవే. యాప్ బొమ్మ కొత్త ఫోన్లో కనిపిస్తుంది, తెరిస్తే లోపల ఖాళీ. కాబట్టి ఓటీపీ యాప్‌ని తెరిచి చూసి, ఎక్స్‌పోర్ట్ క్యూఆర్‌తో మార్చుకుని, కొత్త ఫోన్లో వచ్చిన కోడ్‌తో ఒక్క ఖాతాలోకైనా లాగిన్ అయి చూశాకే పాతది ముట్టుకోండి. ఒక్కో ఖాతా ఇచ్చిన రికవరీ కోడ్‌లు కాగితం మీద ఉంటే ఇంకా నిశ్చింత.

కేబుల్ వేగం గురించి ఓ మాట. యూఎస్‌బీ 2 వేగం సెకనుకి 480 మెగాబిట్లు, వాడకంలో 35 నుంచి 40 ఎంబీ వస్తే గొప్ప. 100 జీబీ మార్చడానికి ఆ లెక్కన ముప్పావు గంట దాకా. ఐఫోన్ 15, 16లలో మామూలు మోడళ్ల టైప్-సి ఇదే వేగం, ప్రో మోడళ్లది 10 గిగాబిట్లు. ప్రో పెట్టెలో వచ్చే కేబుల్ మాత్రం యూఎస్‌బీ 2దే. రంధ్రం ఆకారం ఒకటైనంత మాత్రాన వేగం ఒకటి కాదు.

వాట్సాప్‌లో ఒకే రకం ఫోన్ల మధ్య అయితే క్యూఆర్ చూపించి నేరుగా చాట్‌లు మార్చుకునే వీలుంది, డ్రైవ్ బ్యాకప్ కన్నా అదే వేగం. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వెళ్లేటప్పుడు ఐఫోన్ మొదటి సెటప్ సమయంలోనే మూవ్ టు ఐఓఎస్ యాప్‌తో చేయాలి. సెటప్ అయిపోయాక గుర్తొస్తే ఐఫోన్‌ని మళ్లీ తుడిచి మొదలుపెట్టాల్సిందే. ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ పెట్టుకుని దాని పాస్‌వర్డ్ లేదా 64 అంకెల కీ మర్చిపోతే ఆ బ్యాకప్‌ని ఎవరూ తెరవలేరు, వాట్సాప్ కూడా.

పాస్‌కీల (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తో లాగిన్ చేయించేవి) దగ్గర చాలామంది చిక్కుకునే చోటొకటి ఉంది. గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్లో దాచిన పాస్‌కీలు కొత్త పరికరంలో తెరుచుకోవాలంటే ఆ మేనేజర్ పిన్ గానీ, పాత ఆండ్రాయిడ్ ఫోన్ లాక్ పిన్ లేదా ప్యాటర్న్ గానీ అడుగుతుంది. వేలిముద్రకి అలవాటుపడి పాత పిన్ మర్చిపోయినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. ఫోన్ మార్చేముందు ఒకసారి వేలిముద్ర కాకుండా పిన్‌తో అన్‌లాక్ చేసి చూసుకోవడం పది సెకన్ల పని.

ఈ-సిమ్‌ది ఇంకో కథ. ప్లాస్టిక్ ముక్క కాదు కాబట్టి తీసి ఇందులో పెట్టలేం. ముందు కొత్త ఫోన్లో పనిచేయించి, కాల్ వెళ్తోందని, ఎస్ఎమ్ఎస్ వస్తోందని చూసుకుని, ఆ తర్వాతే పాతదాన్ని రీసెట్ చేయండి. రీసెట్ తెరలో ఈ-సిమ్‌లు కూడా తీసేయాలా అని అడిగే గడి ఉంటుంది. ఫోన్ మీ దగ్గరే ఉంటే దాన్ని ఖాళీగా వదలండి, అమ్మేస్తుంటే టిక్ పెట్టండి. అమ్మేటప్పుడు రీసెట్ కన్నా ముందు గూగుల్ ఖాతా తీసేయాలి, ఐఫోన్ అయితే ఫైండ్ మై ఆపాలి. రికవరీ మెనూ నుంచి నేరుగా తుడిచిన ఫోన్ కొన్నవాళ్ల దగ్గర పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది.

ఏడేళ్ల మాట

పిక్సెల్ 8తో 2023లో, గెలాక్సీ ఎస్24తో 2024లో ఏడేళ్ల అప్‌డేట్ల మాట మొదలైంది. ఆ ఏడేళ్లు లెక్కపెట్టేది ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి, మనం కొన్న రోజు నుంచి కాదు. తగ్గింపు ధరకి రెండేళ్ల పాత మోడల్ కొంటే చేతికొచ్చేది ఐదేళ్లే. "నాలుగు వెర్షన్లు, ఆరేళ్ల సెక్యూరిటీ" అని ఎక్కడైనా కనిపిస్తే రెండు అంకెల్నీ విడివిడిగా చదవండి, చివరి రెండేళ్లు కొత్త వెర్షన్ రాదన్నమాట. నెలనెలా వస్తాయా, మూడు నెలలకోసారా అన్నది ఇంకో ప్రశ్న. చవక మోడళ్లలో ఈ తేడానే ఎక్కువ.

ఫోన్ ఎంత తాజాగా ఉందో తెలుసుకోవడానికి ఆండ్రాయిడ్ వెర్షన్ అంకె సరిపోదు. సెట్టింగుల్లో ఆండ్రాయిడ్ వెర్షన్ పేజీలో మూడు వరసలుంటాయి: వెర్షన్, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ తేదీ. మూడోది 2019లో ఆండ్రాయిడ్ 10తో వచ్చింది. ఫోన్ కంపెనీతో పని లేకుండా సిస్టమ్‌లోని కొన్ని భాగాల్ని గూగుల్ నేరుగా మారుస్తుంది. దానికి నోటిఫికేషన్ రాకపోవచ్చు, ఫోన్ రీస్టార్ట్ చేస్తేనే అమల్లోకి వస్తుంది. నెలల తరబడి ఫోన్ ఆపనివాళ్లలో ఈ తేదీ వెనకబడి ఉండటం మామూలే.

పెద్ద అప్‌డేట్ పడ్డ రోజు బ్యాటరీ తొందరగా అయిపోతే కంగారుపడి రీసెట్ చేసేస్తుంటారు. మొదటి రెండు మూడు రోజులు సిస్టమ్ యాప్‌లన్నిటినీ కొత్త వెర్షన్‌కి తగ్గట్టు మళ్లీ కంపైల్ చేసుకుంటుంది, ఫొటోల్ని మళ్లీ జల్లెడపడుతుంది. రాత్రి ఛార్జర్‌కి తగిలించి వదిలేస్తే ఆ పని అప్పుడే అయిపోతుంది. నాలుగో రోజు కూడా అలాగే ఉంటే అప్పుడు బ్యాటరీ పేజీలో ఏ యాప్ తింటోందో చూడండి. వెనక్కి వెళ్లడం అన్నది దాదాపు లేనట్టే. ఆపిల్ పాత వెర్షన్లకి సంతకం చేయడం (అంటే ఇన్‌స్టాల్‌కి ఆమోదం ఇవ్వడం) కొద్ది వారాల్లో ఆపేస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు పాతదాన్ని హార్డ్‌వేర్ స్థాయిలోనే తిరస్కరిస్తాయి. కాబట్టి పని నడవాల్సిన ఫోన్ మీద మొదటి రోజే అప్‌డేట్ వేయొద్దు, మొదటి సవరణ వచ్చేదాకా ఆగండి. సెక్యూరిటీ ప్యాచ్‌లకి ఈ ఆగడం వర్తించదు, అవి వెంటనే వేయాల్సినవే.

పాత యాప్‌లు మాయమవడానికి కారణాలు కూడా అప్‌డేట్లలోనే ఉన్నాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి మరీ పాత వెర్షన్ల కోసం, అంటే ఆండ్రాయిడ్ 6 కన్నా ముందువాటి కోసం రాసిన యాప్‌లను ఇన్‌స్టాల్ చేయనివ్వరు. పిక్సెల్ 7 నుంచి 32 బిట్ల యాప్‌లకి చోటే లేదు. ఐఫోన్లలో ఆ తలుపు 2017లో ఐఓఎస్ 11తోనే మూసుకుంది. ఎప్పుడో కొనుక్కున్న నిఘంటువు, పాత ఆట, వాడకంలో లేని యంత్రం తాలూకు యాప్ ఇలాంటివి ఉంటే, అవి నడిచే పాత ఫోన్‌ని పారేయకండి.

2025లో వచ్చిన రెండు మార్పుల మీద నా అభిప్రాయం. ఐఓఎస్ 26లో గాజు పొరల రూపం చూడ్డానికి ముచ్చటగా ఉంది, చదవడానికి కాదు. వెనక ఫొటో ఉన్న చోట నోటిఫికేషన్ అక్షరాలు కలిసిపోతాయి. యాక్సెసిబిలిటీలో డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్ తెరిచి రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ పెడితే కుదుటపడుతుంది. 26.1 నుంచి డిస్‌ప్లే సెట్టింగుల్లోనే టింటెడ్ అనే మధ్యేమార్గం ఇచ్చారు, నాకదే నచ్చింది. ఆండ్రాయిడ్ 16 జూన్ 10న వచ్చినప్పుడు పైకి కొత్తగా ఏమీ కనిపించలేదు, పిక్సెల్‌లలో రూపం మారింది సెప్టెంబరు అప్‌డేట్‌తో. అసలు మంచి మార్పులు లోపలున్నాయి. ఆండ్రాయిడ్ 16 కోసం తయారైన యాప్‌లు తెర అంచుల దాకా గీయడం ఇక తప్పనిసరి, అందుకే దానికి తగ్గట్టు సరిచేయని యాప్‌లలో కింది బటన్లు నావిగేషన్ పట్టీ కిందికి దూరడం చూస్తాం. అది ఫోన్ తప్పు కాదు, యాప్‌కి అప్‌డేట్ కావాలి.

అదే ఏడాది మెల్లగా వచ్చిన ఇంకో మార్పు: మూడు రోజులపాటు అన్‌లాక్ చేయని ఆండ్రాయిడ్ ఫోన్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. ఐఫోన్లలో ఇది ఐఓఎస్ 18.1 నుంచే ఉంది. దొంగ చేతిలో ఫోన్‌కి ఇది మంచి రక్షణ, ఎందుకంటే రీస్టార్ట్ అయ్యి, ఒకసారీ అన్‌లాక్ కాని ఫోన్లో డేటా దాదాపు అంతా తాళంలోనే ఉంటుంది. కానీ పాత ఫోన్‌ని ఇంట్లో నిఘా కెమెరాగానో, ఎస్ఎమ్ఎస్‌లు ఫార్వర్డ్ చేసే పెట్టెగానో వాడుతుంటే మూడు రోజులకోసారి అది మౌనం దాలుస్తుంది. లాక్ తీసేసిన, ఖాతాలేవీ లేని ఫోన్‌నే అలాంటి పనికి పెట్టాలి.

ట్యాబ్‌లో నడిచే సాఫ్ట్‌వేర్

ఫోన్లో యాప్ బదులు సైట్‌నే హోమ్ స్క్రీన్‌కి చేర్చుకోవడం నాకు ఇష్టమైన పద్ధతి. చోటు తక్కువ పడుతుంది, అనుమతులు తక్కువ అడుగుతుంది. కాకపోతే డేటా ఎక్కడ ఉంటుందో తెలియకపోతే చేతులు కాలతాయి. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ ద్వారా చేర్చిన యాప్ డేటా క్రోమ్‌లోనే ఉంటుంది. క్రోమ్ సైట్ డేటా మొత్తం తుడిచేస్తే అదీ పోతుంది. ఐఫోన్లో దీనికి సఫారీతో సంబంధం లేని విడి అర ఉంటుంది, అందుకే సఫారీలో లాగిన్ అయి ఉన్నా హోమ్ స్క్రీన్ మీది బొమ్మ తెరిస్తే మళ్లీ లాగిన్ అడగొచ్చు.

ఈ విడి అరకి ఒక లాభం కూడా ఉంది. సఫారీలో మామూలుగా తెరిచిన సైట్ రాసుకున్న డేటాని, ఏడు రోజుల బ్రౌజింగ్‌లో ఆ సైట్‌ని మనం ముట్టుకోకపోతే తుడిచేస్తారు. ట్రాకింగ్ ఆపడానికి 2020లో తెచ్చిన నియమం ఇది. సర్వర్ లేకుండా బ్రౌజర్లోనే దాచుకునే చిన్న పద్దుల యాప్, నోట్స్ యాప్ వాడి, పది రోజులు సెలవులకెళ్లి వచ్చేసరికి ఖాళీ కావడానికి కారణం ఇదే. హోమ్ స్క్రీన్‌కి చేర్చినవాటికి ఈ ఏడు రోజుల కత్తెర లేదు. నోటిఫికేషన్లు కూడా ఐఫోన్లో 16.4 నుంచి హోమ్ స్క్రీన్‌కి చేర్చిన సైట్లకే వస్తాయి. ఐఓఎస్ 26లో హోమ్ స్క్రీన్‌కి చేర్చిన ఏ సైటయినా మామూలుగా యాప్‌లాగే తెరుచుకుంటుంది. ఎలా చూసినా, సర్వర్ లేని వెబ్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ ఎక్కడుందో మొదటి రోజే వెతికి పెట్టుకోండి. అది లేకపోతే ఆ యాప్‌లో విలువైనదేదీ పెట్టకండి.

"కొత్త వెర్షన్ వచ్చిందన్నారు, నాకు పాతదే కనిపిస్తోంది" అన్న ఫిర్యాదు వెనక ఉండేది సర్వీస్ వర్కర్. ఆఫ్‌లైన్లో నడవడానికి సైట్ తన నకలొకటి బ్రౌజర్లో పెడుతుంది. కొత్త నకలు వచ్చినా, పాతదానితో తెరిచిన ట్యాబ్‌లన్నీ మూసేదాకా వరసలో నిలబడుతుంది. రీఫ్రెష్ కొడుతూ కూర్చుంటే రాదు. ఆ సైట్ ట్యాబ్‌లన్నీ మూసి మళ్లీ తెరవండి. అప్పటికీ రాకపోతేనే ఆ ఒక్క సైట్ డేటా తుడవాలి, తుడిచేముందు సేవ్ కానివి ఏమున్నాయో చూసుకుని.

కంప్యూటర్లో బ్రౌజర్ ఎంపిక ఇప్పుడు రుచి విషయం మాత్రమే కాదు. వెబ్ ఎడిటర్లు డిస్క్ మీది ఫైల్‌నే తెరిచి దాంట్లోనే సేవ్ చేసే సదుపాయం క్రోమ్, ఎడ్జ్ లాంటి వాటికే ఉంది. ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో సేవ్ కొట్టిన ప్రతిసారీ డౌన్‌లోడ్స్‌లో కొత్త కాపీ పడుతుంది. ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపం 2025లో క్రోమ్‌లో ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్‌లో నడుస్తోంది, ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో కూడా. పనికి ఒకటి, చదవడానికి ఒకటి పెట్టుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

తెలుగు పెట్టి చూస్తే

ఏ ఫోన్‌నైనా, ఏ వెబ్ యాప్‌నైనా తెలుగు రాసి చూస్తే, ఇంగ్లీషులో దాక్కున్న లోపాలు బయటపడతాయి. "స్త్రీ" అన్నది కంటికి ఒక అక్షరం. కంప్యూటర్లు అక్షరాల్ని గుర్తించే యూనికోడ్ పద్ధతికి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18. పేరుని ఇన్ని సంకేతాల దగ్గర కత్తిరించమని రాసిన సాఫ్ట్‌వేర్ "శ్రీ"ని సగంలో కోసి "శ్" అని చూపిస్తుంది. ఎస్ఎమ్ఎస్ అయితే ఇంగ్లీషుకి 160 అక్షరాలు, తెలుగుకి 70 సంకేతాలే. దాటితే ముక్కకి 67 చొప్పున విడగొడతారు. ఆ ఆరు సంకేతాల లెక్కన చిన్న తెలుగు వాక్యం రెండు మెసేజ్‌లు ఎందుకవుతుందో తెలిసిపోతుంది.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని మూర్ఛపోగొట్టింది కూడా ఇలాంటి కూర్పే. జ, పొల్లు, ఞ, కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు), ఆ వెనక దీర్ఘం. ఈ వరసని గీయబోయి ఐఓఎస్ 11.2.5లో యాప్‌లు కూలిపోయేవి. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే కూలేది. 19వ తేదీన 11.2.6 తెచ్చి సరిచేశారు.

ఆ కనిపించని గుర్తు ఇప్పటికీ వేరే రకంగా తిప్పలు పెడుతోంది. "సాఫ్ట్‌వేర్" అని రాస్తే ట పొల్లుకీ వ-కీ మధ్య అది ఉంటుంది. అది లేకుండా రాస్తే "సాఫ్ట్వేర్" అని వత్తుగా పడుతుంది. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు. అప్పుడు పేజీలో ఉన్న మాటే వెతుకులాటలో దొరకదు. నోట్స్ యాప్ ఎంచుకునేటప్పుడు ఒకే మాటను రెండు రకాలుగా రాసి, ఒకదానితో వెతికితే రెండోది దొరుకుతుందేమో చూడండి. దొరకని యాప్‌లే ఎక్కువ. అందాకా "సాఫ్ట్" అని మొదటి ముక్కతోనే వెతకడం నయం.

తర్వాత అక్షరాల అడుగు. "రాష్ట్రం", "లక్ష్మి", "స్వాతంత్ర్యం" అని రాసి, ఫాంట్ సైజు పెద్దది చేసి, నోటిఫికేషన్లో, బటన్ మీద, వెబ్ ఫారం గడిలో చూడండి. వరస ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి సరిపడా కట్టేసిన చోట కింది వత్తు తెగిపోతుంది. వెబ్ పేజీ మీ చేతిలోదే అయితే లైన్ హైట్‌ను 1.6 నుంచి 1.8 దాకా పెంచి, గడికి స్థిరమైన ఎత్తు తీసేస్తే సరి. అదే పేజీని పీడీఎఫ్‌గా చేసి, అందులోంచి "స్వాతంత్ర్యం" కాపీ కొట్టి నోట్స్‌లో అతికించి చూడండి. వత్తులు చెల్లాచెదురై పడితే, ఆ సాఫ్ట్‌వేర్ బొమ్మలు మాత్రమే సరిగ్గా పెట్టి, వాటి వెనక యూనికోడ్ వరస సరిగ్గా రాయలేదన్నమాట. అలాంటి పీడీఎఫ్‌లో తర్వాత ఏ మాటా వెతికి దొరకదు, అసలు ఫైల్‌ని పక్కన దాచిపెట్టుకోండి.